అంకుల్ చేసిన చిన్న ప్రార్థన

మొన్న ఆదివారం పెర్త్ నుంచి అక్క ఫోన్ చేసింది. అక్కడి హారిస్‌డేల్ అనే పేటకి మారినప్పటి నుంచి తన ఫోన్లన్నీ ఫిర్యాదులే: ఎండ, మోకాళ్ళు, తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చే పక్కింటి తెలుగు పిల్లలు. ఆ రోజు మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా, "అంకుల్ పోయారే," అంది. "ఆదరణ కూడికలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమంటున్నారు. ఏం చెప్పనే?" అని అడిగింది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి మావాళ్ళు పెట్టుకునే కూడిక అది. అలాంటి కూడికలోనే ఒకనాడు అక్క మాట్లాడిన నాలుగు మాటలు నేను ఇంకా మరిచిపోలేదు.

ఎనభైల చివర్లో నేను యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, పెర్త్‌కి దేశం అవతలి కొసన ఉన్న పారమట్టాలో అక్కాబావల ఇంట్లో దిగాను. అక్క ఆసుపత్రిలో నర్సు. గుంటూరు, తెనాలి వైపు నుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాలు అప్పట్లో చాలా కొద్ది. శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక జరిగేది. నడిపేది అంకులే. పగలంతా గోదాములో పెట్టెలు సర్దే మనిషి, సాయంత్రానికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చేవారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఓ పట్టాన తేలేది కాదు. ఇండియాలో నాయకులు, ఇక్కడి బస్సు డ్రైవర్లు, పరీక్షలు రాసే పిల్లలు, వానల్లేని రైతులు, ఒక్కొక్కరినీ దేవుడి చేతికి అప్పగించి గానీ వదిలేవారు కాదు. అవతల కోడికూర చల్లారిపోయేది. మా బావ ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, "ఇంకా న్యూజిలాండ్ రాలేదు," అని గొణిగేవాడు. నవ్వాపుకోలేక నేను దగ్గినట్టు నటించేదాన్ని.

ఆ బావ ఒక శనివారం పొద్దున పెరట్లో మోవర్‌తో గడ్డి కోస్తూ పడిపోయాడు. నలభై కూడా నిండలేదు. అక్క వంటింట్లో దోసెలు పోస్తోంది. మోవర్ మోత ఎంతకీ ఒకేచోట నుంచి వస్తుంటే, "ఈ మనిషి మళ్ళీ పక్కింటాయనతో కబుర్లలో పడ్డాడు, అది ఆపి మాట్లాడొచ్చుగా," అని విసుక్కుంది. బయటికి వెళ్ళేసరికి ఇంజను నడుస్తూనే ఉంది. ఆఖరికి ఆయన మీద విసుక్కున్నానే అని అక్క ఎన్నాళ్ళు ఏడ్చిందో నాకు తెలుసు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అంతకు మించి వాళ్ళు చెప్పలేకపోయారు.

చెప్పడానికి మనవాళ్ళున్నారుగా. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, ఇందులో దేవుని ఉద్దేశం ఉందని. "గాడ్‌కి ఒక ప్లాన్ ఉంటుందమ్మా, మనకే ఇంకా తెలీదు," అని ఒక ఆంటీ అక్క వీపు నిమిరింది. మంచి మనిషే, గిన్నెడు పలావు వండి తెచ్చింది. కాలమే అన్నిటికీ జవాబు చెబుతుందన్నారు ఇంకొందరు. అక్క తిండి మానేసింది, పనికి వెళ్ళడం మానేసింది. పొద్దున్నే నేను లేపబోతే, "లేచి?" అనేది. యూనికి వెళ్ళినా ధ్యాసంతా ఇంటి మీదే. ఏం చేసుకుంటుందోనని నాకు ఒకటే భయం.

ఆదరణ కూడిక ఒక స్కూలు హాల్లో పెట్టారు. పాటలయ్యాయి, బావ గురించి ఒక్కొక్కరూ చెప్పే సాక్ష్యాలయ్యాయి. భోజనాల ముందు ముగింపు ప్రార్థనకి అంకుల్ లేచారు. అప్పుడు అక్క కూడా లేచింది. గొంతు పెంచలేదు. "అంకుల్, ఉద్దేశం ఉందని అందరూ అంటున్నారు. అదేంటో ఒక్కరు చెప్పండి. లేదంటే ఏదీ లేదని చెప్పండి. రేపు పొద్దున నేను దేనికి లేవాలో నాకు తెలియాలి," అంది.

అంకుల్ చాలాసేపు అక్క వైపే చూశారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. పెద్ద ప్రార్థనే ఉంటుందనుకుని మేమంతా అలవాటు కొద్దీ తలలు వంచాం.

"ప్రభువా, మాకు తెలీదు. ఆమేన్," అని ఆయన కూర్చున్నారు.

ఎవరూ ఆమేన్ అనలేదు. అక్క ఒక్కతే అంది. ఆ రోజు పళ్ళెంలో పెట్టినదాంట్లో సగం తింది. కూర ఇంకా వేడిగానే ఉందని నాతో మెల్లగా అంది. బావ ఉంటే ఏమనేవాడో ఇద్దరికీ ఒకేసారి తట్టి, అక్కడే ఏడ్చేశాం.

ఆ మాట వల్ల అంకుల్‌కి మాత్రం చాలా నష్టం జరిగింది. "ధైర్యం చెప్పాల్సిన పెద్దమనిషే అలా అంటే మన విశ్వాసం ఏం కాను?" అని కొందరు మొహం మీదే అడిగారు. మెల్లమెల్లగా కూడికలు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. ఇక ఆయన శనివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మోవర్ మోత వింటే అక్కకి వణుకు వస్తుందని, ఎక్కడో పాత సామాన్లలో మోటారు లేనిది, చేత్తో తోసేది ఒకటి సంపాదించి, దాంతోనే పెరడంతా కోసేవారు. పచ్చిగడ్డి వాసన వంటింట్లోకి వచ్చేది. మొదట్లో అక్క తలుపు వేసుకునేది. కొన్నాళ్ళకి ఆయనకి టీ పెట్టడానికి లేవసాగింది. మళ్ళీ పనికి వెళ్ళడం ఆ తర్వాతెప్పుడో.

ఒకసారి టీ అందిస్తూ అక్క అడిగేసింది. "ఆ రోజు నా మీద జాలితో అలా అన్నారా అంకుల్?"

ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. "జాలితో అనుంటే ఎంత బాగుండేదమ్మా," అన్నారు.

నాకు ఆయన్ని చూస్తే భయమేసింది. మా అందరి తరఫునా దేవుడితో మాట్లాడిన మనిషికి ఇప్పుడు ఆ దేవుడితో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. టీ తాగి, మిగిలిన గడ్డి కోయడానికి లేచారు.

మొన్న ఫోన్లో అక్కే అడిగింది, "ఇన్నేళ్ళకి నీకేమైనా తెలిసిందా?" అని. లేదన్నాను. "నాకూ లేదే. అదే చెప్తాను," అంది. ఇక్కడికి రావడానికి టికెట్ కూడా బుక్ చేసుకుందట. కాలమే జవాబు చెబుతుందని ఆ రోజుల్లో ఎంతమంది అన్నారో. అది జవాబు చెప్పకపోగా, తెలీదని ఒప్పుకున్న ఆ ఒక్క మనిషినీ తీసుకుపోయింది.