ఇస్లాపూర్ వానలెక్కలో ఒక్క రోజు

తెలంగాణ సరిహద్దుకు దగ్గరి మహారాష్ట్ర ఊరు ఇస్లాపూర్‌లో, మా పుట్టింటి పెరట్లో ఒక వర్షమాపకం ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు దానిలోని నీటిని కొలగ్లాసులోకి వంచి, అంకె చూసి, నాందేడ్‌లో ఉన్న నాకు ఫోన్లో చెప్పాలి. నేను నోటు పుస్తకంలో రాయాలి. జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు ముప్పై దాకా నూట ఇరవై రెండు రోజులు. పదకొండు వర్షాకాలాలకు వెయ్యిన్ని మూడువందల నలభై రెండు వరసలు. వాన లేని రోజున సున్నా రాశాను, ఖాళీ వదలలేదు. సున్నాకూ ఖాళీకీ తేడా తెలియనివాళ్లు లెక్క రాయకూడదని బడిలో పిల్లలకు చెప్పే గణితం టీచర్ని నేను.

ఈ లెక్కను అందరి ముందూ పెట్టాలన్న పట్టుదల నాకు ఒక మూసిన పేజీ వల్ల కలిగింది. మా ప్రాంతపు వానల మీద ఏదో విదేశీ పత్రికలో పరిశోధన వ్యాసం వచ్చిందని విని కంప్యూటర్లో వెతికాను. శీర్షిక కనిపించింది, సారాంశం నాలుగు వాక్యాలు కనిపించాయి, ఆ తర్వాత తలుపు మూసుకుంది. చందాదారులకే ప్రవేశం. మా ఇంటి కప్పు మీద కురిసిన వాన గురించి ఎవరో రాసినది చదివే వీలు మాకే లేకపోయింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: నా దగ్గరున్నదానికి నేను తాళం వెయ్యను.

ఐరోపాలోని ఒక చిన్న దేశంలో ఒక పరిశోధకురాలు ఇలాంటి ఊళ్ల లెక్కలను దేశదేశాల నుంచి సేకరించి, ఎవరైనా ఉచితంగా చూసే పేజీలో పెడుతున్నదని తెలిసింది. వేసవి సెలవుల్లో మొత్తం వరసలు టైపు చేసి పంపాను. అక్కడ అంకెలే కాదు, వాటి మీద ఎవరు ఏమి అడిగినా, మనం ఏమి జవాబిచ్చినా అందరికీ కనిపిస్తుంది. నాకు నచ్చినది అదే.

కొలిచే పని మొదట అన్నయ్యది. ముద్ఖేడ్‌లో ఉద్యోగం కుదిరి వేకువ బండికి వెళ్లడం మొదలయ్యాక, నాలుగేళ్లుగా ఆ పని ఆయన భార్యది. మేమిద్దరం ఒకరినొకరం ‘వదినె’ అనే పిలుచుకుంటాం. లెక్క విదేశానికి పంపానని జూలైలో చెప్పినప్పుడు ఆమె నవ్వింది.

“మన వానడబ్బ లెక్క ఆళ్లకెందుకు వదినె? ఆ దేశంల వానల్లేవా?”

“ఉన్నయి. ఆళ్ల లెక్క మనకు కనవడ్తది, మన లెక్క ఆళ్లకు కనవడ్తది.”

“అయితే ఆళ్ల వాననే జర ఇటు పంపుమను. సోయా ఎండుతున్నది.”

విదేశం దాకా ఎందుకు, మా వాన పైన్‌గంగలో కలిసి కిందికి పారితే అక్కడ ఒక ఒడ్డు తెలంగాణ. అక్కడి రైతుకు ఇక్కడ ఎంత కురిసిందో తెలియడం అవసరం. నీరు దాటే హద్దును అంకె దాటకూడదనడంలో నాకు ఏ న్యాయమూ కనిపించదు.

సెప్టెంబరులో ఒక సోమవారం, సాయంత్రం ఐదూ నలభైకి, ఆ పేజీలో నా లెక్క కింద ఒక ప్రశ్న కనిపించింది. అడిగినది ఆ పరిశోధకురాలే. నది అవతల ఉన్న వర్షమాపకాలతో పోల్చి చూస్తే, గత నాలుగేళ్లుగా మా ఊళ్లో ప్రతి వానా వాళ్లకంటే ఒక రోజు ముందే కురుస్తోందట. అంతకు ముందు ఏడేళ్లలో ఆ తేడా లేదట. కారణం తేలేదాకా ఆ నాలుగేళ్లను పక్కన పెడుతున్నట్టు ఎంతో మర్యాదగా రాసింది.

నాలుగేళ్లంటే నాలుగువందల ఎనభై ఎనిమిది వరసలు. అన్నీ మా వదిన వరసలే.

నాందేడ్‌లో మా వీధిలోనే ఉండే భూగోళం అధ్యాపకుడొకాయన, ఉద్యోగ విరమణ చేసినవారు, నాతో మరాఠీలోనే మాట్లాడతారు, ‘తాయీ’ అంటే అక్కా అని పిలుస్తారు. ఆ ప్రశ్న చూపిస్తే ఆయన తేలిగ్గా తీసేశారు.

“తాయీ, ఫైలు ఒక రోజు జరిపి మళ్లీ పెట్టేయండి. టైపింగులో పొరపాటు అనండి. ఎవరు చూడొచ్చారు?”

“అందరూ చూడాలనే కదా సార్ పెట్టింది.”

“మరి తప్పు కూడా అందరికీ చూపిస్తారా?”

“చూపిస్తాను. ముందు అది ఏమిటో తెలియాలి.”

ఆదివారం ఇస్లాపూర్ వెళ్లాను. వదిన పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తోంది. రాత్రి పడిన వానను పొద్దున కొలిచి నాకు ఎలా చెబుతావని అడిగాను.

“నిన్న ఇంత పడ్డదని చెప్త. పొద్దు పొడిస్తెనే కదా దినం మారేది.”

తేలిపోయింది. మా వైపు ఇళ్లలో తెల్లవారేదాకా నిన్నే. ఆమె ‘నిన్న పద్దెనిమిది’ అంటే నేను నిన్నటి వరసలో పద్దెనిమిది రాశాను. ఉదయం కొలిచినది ఆ ఉదయపు తేదీకే చెందుతుందన్నది నియమం. వర్షమాపకంతో వచ్చిన ఆంగ్ల పుస్తకంలో ఆ నియమం చదివిన అన్నయ్య ‘ఈరోజు’ అనేవాడు. ఆమెకు ఆ నియమం నేను చెప్పలేదు. మాట మారిందని గమనించనూ లేదు.

“అంటే నాలుగేండ్లు పొద్దుగాల పొయ్యి ఆపుకొని డబ్బ కాడ నిలవడ్డది ఉత్తదేనా?” పెనం దించి అడిగింది.

“ఉత్తది కాదు. నాలుగేండ్లు ఒక్క తీరుగనే చెప్పినవని రుజువు దొరికితే అన్ని వరసలు నిలుస్తయి. కొన్ని రోజులు నిన్నని, కొన్ని రోజులు ఈరోజని అన్నవేమో అంటే మాత్రం ఏం చెయ్యలేం.”

ఆమె లోపలికి వెళ్లి, అటక మీద గిన్నెల కింద పరిచిన పాత గోడ క్యాలెండర్లు నాలుగు లాగి నా ముందు వేసింది.

“ఫోన్ కలవని దినం మర్చిపోతనని రోజూ రాసుకున్న. ఒక్క తీరుగ లేకపోతే చూపెట్టు.”

నేను సాయంత్రం దాకా నా నోటు పుస్తకంతో వరస వరసా సరిచూశాను. ఒక ఆగస్టు మీద పచ్చడి జాడీ నూనె వలయం ఉంది. కింద అంకెలు చదవగలిగాను. ప్రతి అంకె ‘నిన్న’ గడిలోనే ఉంది, ఒక్కటీ తప్పలేదు. అంతకంటే విలువైనది మరొకటి దొరికింది. అన్ని వరసలనూ మరుసటి తేదీకి జరిపితే ప్రతి ఏడూ జూన్ ఒకటి ఖాళీ అవుతుంది. జూన్ ఒకటి ఉదయం ఆమె ‘నిన్న’ అని చెప్పిన అంకెను మే నెలదనుకుని నేను రాయలేదు. క్యాలెండర్లలో మే ముప్పై ఒకటి గడిలో అవి ఉన్నాయి. మూడేళ్లు సున్నా, ఒక ఏడాది మాత్రం ఆరు మిల్లీమీటర్లు.

క్యాలెండర్లకు ఫొటోలు తీస్తుంటే ఆమె అడిగింది. “నా సంగతి గుడ రాస్తవా? ఊరంత నవ్వుతరు. దీనికి కొలుచుడు రాదంటరు.”

“తప్పు నాదని రాస్త. కొలిచింది మా వదినె అని రాస్త.”

“కొలిచింది ముందుగాల రాయి.”

అలాగే రాశాను, ఆంగ్లంలో, మరాఠీలో, తెలుగులో. పాత తేదీ చెరపలేదు. దాని పక్కనే సరైన తేదీకి మరో గడి చేర్చి, కారణం, క్యాలెండర్ల ఫొటోలు కింద పెట్టాను. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. నాలుగేళ్లూ లెక్కలోకి తిరిగి వచ్చాయి. మా వివరణ చదివాక మరో ఖండంలోని ఒక ఊరి లెక్కలో కూడా ఇదే ఒక్క రోజు తేడా పట్టుబడిందని, అక్కడా పొద్దు పొడిస్తేనే దినం మారుతుందని పరిశోధకురాలు రాసింది. గుట్టుగా ఫైలు మార్చి ఉంటే ఆ ఊరి తేడా అలాగే ఉండిపోయేది. అధ్యాపకుడికి చూపించాను. రెండుసార్లు చదివి, తమ కళాశాల రోజుల వర్షపు పుస్తకాలు ఇంట్లో ఉన్నాయని, టైపు చేయడం నేర్పమని అడిగారు.

ఈ ఉదయం ఎనిమిదీ ముప్పై నాలుగుకు ఫోన్ వచ్చింది.

“నిన్న ఇరవై రెండు, వదినె. నీ పుస్తకంల ఈరోజనే రాసుకో.”

ఈరోజు వరసలో ఇరవై రెండు రాశాను.