కోటమ్మ పెద్దమ్మ ముక్కల పులుసు

మా పెద్దమ్మ కోటమ్మ గారు ఇక లేరన్న వార్త గత గురువారం ఉదయం, గురజాల నుంచి నరసరావుపేట వస్తున్న బస్సులో ఉండగా నన్ను చేరింది. ఫోను చేసింది ఆమె పక్కింటి మస్తాన్‌బీ.

"అక్కా, పెద్దమ్మ వంటింట్లో ఒరిగిపోయింది. డాక్టరొచ్చి చూశాడు. పానం పోయిందన్నాడక్కా."

 దుఃఖం కన్నా ముందు నా నోట వెలువడిన మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "పులుసు ఎవరన్నా తిన్నారా?"

"ఏందక్కా ఆ మాట? పొయ్యి మీదే ఉంది. నేనే స్టవ్ ఆపా."

"ఎవర్నీ ముట్టుకోనీమాక. నే వస్తున్నా."

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో మస్తాన్‌బీకి తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. కనుక ఈ వ్యాసం నివాళి మాత్రమే కాదు, వీధివారికి నేను ఇచ్చుకోవలసిన సంజాయిషీ కూడా.

వీధిలో ఎవరు జ్వరపడి లేచినా, ఆపరేషన్ అయి ఇంటికి చేరినా, మధ్యాహ్నానికి పెద్దమ్మ స్టీలు కారియర్ ఆ గుమ్మం ఎక్కేది. అందులో మెత్తని అన్నం, ముక్కల పులుసు. సొరకాయ, తీపి గుమ్మడి, మునక్కాడలు, ఉల్లిపాయలు, పలుచగా చింతపండు రసం, చిటికెడు బెల్లం. చుట్టూ మిరప పండే ఈ సీమలో ఆమె పులుసులో కారం పేరుకు మాత్రమే ఉండేది. "నోరు చచ్చినోళ్లకు కారం ఎందుకే, పానం నిలవాలి గానీ" అనేది.

నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన దానిని. రుజువు లేని మాట నాకు గొంతు దిగదు. పులుసుతో జ్వరం తగ్గిందని వీధి యావత్తూ కీర్తిస్తుంటే, దాని రోజులు నిండి తగ్గిందే తప్ప పులుసుకు తగ్గలేదని ఆమె ఎదుటే వాదించాను. పెద్దమ్మ కత్తిపీట మీద నుంచి తల ఎత్తలేదు. "తగ్గిందాకా ఏం తినాలే మరి? నీ పుస్తకాలా?"

బియ్యం కడిగిన నీళ్లలో రెండో కడుగు పోస్తేనే పులుసు చిక్కబడుతుందని ఆమె సిద్ధాంతం. ఒకే కొలతతో రెండు గిన్నెలు పెట్టించి, ఒకదానిలో మంచినీళ్లు, ఒకదానిలో కడుగు పోయించాను. ఆమె చెప్పినదే నిజమైంది. ఒక్క ప్రయోగంతో ఏదీ తేలదని నేను మొండికేస్తే, "ఇంకెన్ని గిన్నెలు తోమిస్తావే నాచేత, లెక్చరరమ్మా?" అని పకపకా నవ్వింది.

ఆమె నియమాలు రెండు. దేవుడికి గరిటెడు తీయనిదే ఉడికినదేదీ రుచి చూడదు. ఉప్పూ పులుపూ చేతి కొలతే. పచ్చి సొరకాయను మాత్రం కోసిన వెంటనే చిన్న ముక్క కొరికి, చేదు లేదని తేల్చుకుని, ఉమ్మేసి, నోరు పుక్కిలించిన తరువాతనే కుండలో వేసేది. ఈ రెండో నియమంతో మాత్రం నాకు ఏనాడూ తగాదా లేదు. చేదు సొరకాయలో ఉండే విషం ఉడికించినా పోదు. ఒంట్లో సత్తువ ఉన్నవారినే అది ఆసుపత్రి పాలు చేయగలదు. రోగి మాట చెప్పనక్కరలేదు.

ఏడు నెలల క్రితం ఒక ఉదయం, విషజ్వరం నుంచి తేరుకుంటున్న మస్తాన్‌బీ భర్త కోసం పులుసు ఉడుకుతోంది. పెద్దమ్మ ముక్క కొరికి "చప్పగా ఉంది" అని సొరకాయంతా కుండలో వేసింది. అలవాటు కొద్దీ, కత్తిపీట దగ్గర మిగిలిన తునకను నేనూ కొరికాను.

కటిక చేదు.

"పెద్దమ్మా, స్టవ్ ఆపు!"

"ఏందే, చప్పగానే ఉందిగా."

"నువ్వు కొరికావా అసలు?"

 ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు అన్నీ చప్పగానే ఉన్నాయే. మొన్న నాకు జ్వరం వచ్చి పోయిన కాడ్నుంచీ. రెండు నెలలయింది. చేదొక్కటన్నా తెలుస్తదిలే అనుకున్నా."

కుండెడు పులుసూ పారబోశాను.  ఆ రెండు నెలలలో ఎవరికీ ఏమీ కాకపోవటం కేవలం అదృష్టం. ఇక వంట మానెయ్యమన్నాను. ఆమె కళ్లు నిండాయి.

"ఇదీ పోతే పొద్దున్నే నేనెందుకే లేవటం? ఎవరికీ చెప్పమాకే. నేను పోయినాక చెప్పుకో, నీ ఇష్టం."

ఆనాడు ఒక ఒప్పందం కుదిరింది. ప్రతి ఉదయం నేను వచ్చి ముక్క కొరుకుతాను. నేను రానినాడు సొరకాయ కుండలో పడదు. "కోటప్పకొండ మీద ఒట్టే" అన్నది. ఒట్టును ఆధారంగా స్వీకరించే అలవాటు నాకు లేదు. ఏడు నెలలు ఆమె మాటను నేను ఒక్కనాడూ పూర్తిగా నమ్మలేదు. పావుగంట ఆలస్యమైతే పరుగున వెళ్లేదానిని. నేను ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే పలకరించకుండా కుండలోకి తొంగిచూసేదానిని. "వచ్చింది ఇన్‌స్పెక్టరు" అని నవ్వేది. ఆ నవ్వు నన్ను నొప్పించేది, కానీ తొంగిచూడటం మానలేదు.

బుధవారం గురజాలలో బంధువుల పెళ్లి. మర్నాడు పెందలకడే వస్తానన్నాను. బస్సు దారిలో మొరాయించింది. ఆ పులుసు మస్తాన్‌బీ అత్తగారి కోసమని నాకు తెలుసు. ఆ వృద్ధురాలు వారం రోజులుగా అన్నం ముట్టటం లేదు.

ఇల్లు చేరేసరికి పెద్దమ్మను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. జనం నా కోసం దారి ఇచ్చారు. నేను ఆమె దగ్గర ఆగకుండా వంటింట్లోకి నడిచాను. వెనుక ఎవరో "ఏంది ఈమె, మనిషేనా" అనటం వినిపించింది.

మూత తీసి గరిటెతో అడుగు దాకా దేవాను. గుమ్మడి ముక్కలు, మునక్కాడలు, ఉల్లిపాయలు. రెండుసార్లు దేవాను. సొరకాయ లేదు.

అది గట్టు మీద, కత్తిపీట పక్కన ఉంది. ఒక కొస మాత్రం తెగి ఉంది. ఆ కొసలోని ముక్క చిన్న పళ్లెంలో, గిన్నె మూత కింద, నా కోసం ఎదురుచూస్తోంది.

కొరికాను. చేదు లేదు. లేత సొరకాయ. వేసి ఉన్నా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలియదు కనుకనే వేయలేదు.

జ్వరాన్ని ఆమె పులుసే తగ్గించిందని ఈనాటికీ నేను అనను. కానీ రోగి నోటికి అన్నం అందించేవారికి ఉండవలసిన భయం ఆమెలో కడపటి ఘడియ వరకూ ఉన్నదని సాక్ష్యం పలుకుతాను. ఆ స్థానం మా వీధిలో ఇక పూడేది కాదు. నా జీవితంలో ఇన్నిసార్లు, ఇంత అనుమానంతో పరీక్షించిన మాట మరొకటి లేదు. అది నిజమని తేలింది. వసారాలోకి వచ్చి, ఆమె పాదాల దగ్గర కూర్చుని, ఆ ఫలితం ఆమెకు చెప్పాను.