తాడు అడిగిన మనిషి

మా ముసలాయన నలభై ఏండ్లు బాయిలు తవ్విండు. పెద్దమందడి సుట్టుముట్టు ఆయన దిగని బాయి లేదు. గసుంటి మనిషికి రెండు నెలల కింద పచ్చవాతం కొట్టి కుడి కాలు, చెయ్యి పడిపోయినయి. మాట గూడ పోయింది.

వనపర్తి దవాఖానల డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. "ఈరమ్మా, కాలు జర కదులుతుంది గని, పడిండంటే తుంటి ఇరుగుతది. మళ్ల లేవడు. ఒంటిగ నడవనియ్యకు." గా మాట ఇన్నకాడికెళ్లి నా పానం పానంల లేదు.

ఇంటికొచ్చిన వారానికి ఒక్క మాటొచ్చింది. లేవబోయేముందు మంచం పట్టె పట్టుకొని, నా దిక్కు సూసి "తాడు... తాడు" అంటడు. ఉరి పెట్టుకుంటడా ఏంది! బర్రె పలుపు, బట్టల దండెం అన్నీ ఇప్పుకపోయి పక్కింటి సత్యమ్మకిచ్చిన. "సావు మాటలు మాట్లాడకు, నోరు మూసుకొని కూసో" అని మంచంల కూలేస్తుంటి. ఇరవై దినాలు గిదే లొల్లి.

మొన్న పొద్దుగాల పొయ్యికాడ ఉన్న. లోపల్నుంచి మళ్ల "తాడు" అన్నడు. నాకు మండింది. "ఇంట్ల మిగిలింది నా మెడల పుస్తెలతాడే, అది గూడ తెంపుతవా?" అని ఒర్రిన గని లేవలే. దబ్బున సప్పుడైంది. ఉరికి సూస్తె గడప మీద బోర్ల పడ్డడు, మూతి పగిలి నెత్తురు. దేవుని దయ, తుంటి దక్కింది.

నిన్న నాగర్‌కర్నూల్ నుంచి చిన్నయ్య సూడనీకి వచ్చిండు. ఈయన బాయిల దిగితె పైన ఉండేటోడు చిన్నయ్యనే. జోడీని సూడంగనే ఈయన లేవబోయిండు. పడుతడని నేను అడ్డం పోయిన.

"తాడు!" అన్నడు.

"పట్టిన, మాసన్నా!" చిన్నయ్య కేకేసి, భుజం మీది తువ్వాల ఈయన నడుముకు సుట్టి ఎనకకెళ్లి పట్టిండు. ఈయన కాలు ముందట వడ్డది. ఇంకోటి. గడప దాటిండు.

"గదేం మాట?" అన్న.

"తెల్వదా వదినె? నడుముకు తాడు కట్టుకొని బాయిల దిగేముందు గట్ల పిలుస్తడు. పట్టిన అని పైనుంచి నేను అన్నది ఇనపడందె కాలు తియ్యడు."

నాకు ఏడుపు ఆగలే. సావనీకి కాదు, పడకుంట నడవనీకి అడిగిండు. ఇరవై దినాలు పట్టుకోమని పిలిస్తె నేను నోరు మూసుకోమన్న. మొన్న పొయ్యికాడికెళ్లి నేను ఒర్రింది ఇని, పట్టిననుకొనే కాలు తీసినట్టుంది.

చిన్నయ్య బస్సెక్కి పోయినంక ఆయన మళ్ల లేవబోయిండు. నా దిక్కు సూసిండు గని నోరు తెరవలే. నేనే తువ్వాల సుట్టి "పట్టిన" అన్న. నమ్మలే. మెల్లగ ఎనకకు తిరిగి, నా చేతులు సూసినంకనే కాలు తీసిండు.