చిలకపిల్ల ఇంటికి రాలేదు

ఒక మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు. "ఉన్నది" అన్నాను. లేదు అనాల్సింది. అంతే. ఆ ఒక్క మాటతో ఒక ఆడమనిషి బతుకు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె ఉండగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇప్పుడెందుకు? మొన్న చలికాలంలో ఆమె పోయింది కదా, ఇక నా మొహం మీద అడిగేవాళ్ళు లేరన్న ధైర్యమేమో. అదే అయితే, ఇది కూడా పిరికితనమే.

రాస్తున్నావా చిన్నీ? మనవరాలివి కదా అని నా పేరు వేయకు. నా మాటల్ని నీ పుస్తకం భాషలోకి దిద్దుకుంటావని తెలుసు, దిద్దుకో. ఆ పోయినామె, కనకమ్మ మాటల్ని మాత్రం దిద్దకు. ఆమె ఎట్లా అన్నదో అట్లాగే ఉంచు. ఇంకొకళ్ళ మాటల్ని మార్చడం ఎంత చెడ్డదో నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

చదివేవాళ్ళకు మా వాడ సంగతి చెప్పాలి. వరంగల్‌లో నేతపనివాళ్ళ వాడ అది. డెబ్బైలలో నేను అక్కడికి కోడలిగా వెళ్ళాను. మా నాన్న హనుమకొండ సుబేదారిలో ఒక ఆఫీసులో బంట్రోతు. నన్ను ఏడో తరగతి దాకా చదివించాడు. వాడలోని ఆడవాళ్ళలో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అది గొప్ప కాలేదు, నన్ను వాళ్ళకు దూరం చేసింది. అందరూ మధ్యాహ్నాలు ఒకచోట కూర్చుని రాట్నాల మీద నూలు చుట్టేవాళ్ళు. నేను తిప్పితే దారం తెగేది. ఎదురింటి ముసలామె మల్లవ్వ నా రాట్నం చప్పుడు విని, "రాట్నం తిప్పుతానవా బిడ్డా, పిల్లిని తొక్కుతానవా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఒకరోజు పక్కింటి కనకమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చేతి మీద చేయి వేసి దారం ఎంత లాగాలో చూపించింది. వయసులో కాస్త పెద్దదైనా, వరస కలిపి ఆ వాడలో నన్ను మొదట 'అక్కా' అని పిలిచింది ఆమే.

కనకమ్మకు ఒక్కతే కూతురు. స్వరూప. నేను ఆ పిల్లను చూడలేదు. నేను కాపురానికి రాకముందే ఏటూరునాగారం వైపు అడవిలో జాతరకు వెళ్ళారట. జనంలో చేయి విడిపోయింది. ఐదారేళ్ళ పిల్ల. కనకమ్మ, ఆమె పెనిమిటి సాంబయ్య వెతకని చోటు లేదు. పిల్ల దొరకలేదు, ఏ కబురూ రాలేదు. కనకమ్మ ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడేది కాదు. కానీ ఎవరింటికి వెళ్ళినా కాసేపటికే లేచేది. "తలుపు తీసి పెట్టి వచ్చిన" అనేది. ఎప్పుడూ తీసే ఉంచేది.

కాజీపేటలో రైల్వే పని చేసే మా అన్న వారం వారం ఒక పత్రిక పంపేవాడు. అందులో ఒక మాయల కథ సీరియల్‌గా వస్తుండేది. దానికి వేరే పేరుంది, మా వాడలో మాత్రం అందరూ చిలకపిల్ల కథ అనేవాళ్ళు. పడవవాడి కూతురు తిరనాళ్ళలో తప్పిపోతుంది. ఒక మంత్రగత్తె ఆ పిల్లను చిలకగా మార్చి, వేల చిలకలున్న కోటలో దాస్తుంది. తల్లి ఆ కోటను వెతుక్కుంటూ కొండలు దాటుతూ పోతుంది. ఒకరోజు నేను ఇంట్లో చదువుకుంటుంటే కనకమ్మ, "అదేందో జర పైకి సదువు అక్కా" అంది. చదివాను. మరుసటి వారం నలుగురు వచ్చారు. ఆ తర్వాత వాడంతా వచ్చింది. మల్లవ్వ నాకు పీట వేసి, "నువ్వు రాట్నం ముట్టకు తల్లీ, నీ నూలు మేం చుడుతం, నువ్వు సదువు" అంది. జీవితంలో మొదటిసారి నా కోసం జనం ఎదురుచూశారు. ఆ రుచి ఎట్లాంటిదో నాకు తెలుసు. దాచను.

రెండేళ్ళ పైచిలుకు నడిచింది కథ. ఆ లోపల మగ్గాల మీద పని పలచబడింది. సాంబయ్య బొంబాయి దగ్గరి భీవండి పోయి పవర్‌లూము మీద చేరదామనుకున్నాడు. కనకమ్మ రానంది, తర్వాత ఊఁ అంది, మళ్ళీ రానంది. చివరికి మూటలు కట్టుకుంది. సరిగ్గా ఆ వారమే కథ ఆఖరి భాగం వచ్చింది.

పొద్దున అన్నం ఉడుకుతుంటే నేనొక్కదాన్నే ముందుగా చదివాను. ఆ ముగింపు ఏమిటో చివర చెబుతాను. ఇప్పటికి ఇంత చాలు: తల్లికి పిల్ల దొరకదు, ఆమె ఆ ఊరు విడిచి వెళ్ళిపోతుంది. చదివి ఏడ్చాను. ఆ తర్వాత భయం వేసింది. ఇది వింటే కనకమ్మ కూడా వెళ్ళిపోతుంది. కనకమ్మ పోతే ఈ వాడలో నాకెవరున్నారు?

మధ్యాహ్నం అందరి ముందూ పత్రిక తెరిచాను. నా కళ్ళు అచ్చు మీదే ఉన్నాయి. నోరు వేరే కథ చెబుతోంది. ఒక చిలక కోట దాటి ఎగిరి వచ్చిందన్నాను. తాను పుట్టిన ఇంటి ఆకుపచ్చ తలుపును గుర్తుపట్టి, గడప మీద వాలి, ఎదిగిన ఆడపిల్లగా మారిందన్నాను. తల్లి ఆ ఇల్లు విడిచి ఉంటే, ఆ తలుపు రంగు మారి ఉంటే, చిలక దారి తప్పేదన్నాను. ఆకుపచ్చ ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. కనకమ్మ ఇంటి తలుపు ఆకుపచ్చది.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. కనకమ్మ తుడుచుకోలేదు. లేచి ఇంటికి వెళ్ళి మూట విప్పింది. సాంబయ్య ఒక్కడే రైలెక్కాడు. నేను ఆ సాయంత్రం పత్రికను పొయ్యిలో పెట్టాను.

పాపం, పిల్ల పోయిన తల్లికి ఆశ ఇచ్చావు కదా బాపమ్మా అని నీ మొహంలో కనిపిస్తోంది చిన్నీ. అది నేనూ చెప్పుకున్నాను, చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఆశ ఇవ్వడానికే అయితే పిల్ల వచ్చిందని చెప్పి ఊరుకోవచ్చు కదా. ఇల్లు విడవకూడదని ఎందుకు కలిపాను? అది ఆమె కోసం కాదు. నా కోసం.

ఎనభైలలోకి వచ్చాక ఆ కథను సినిమాగా తీస్తున్నారని తెలిసింది. రంగుల సినిమా. అసలు ముగింపు బయటపడుతుందని నాకు భయం పట్టుకుంది. వాడ మాత్రం పండగ చేసుకుంది. ఆ సినిమా ఎప్పుడొస్తుందన్నదే మాట. మంత్రగత్తె వేషం ఎవరికిస్తారని వాదులాట. "మా ఆడిబిడ్డను తీస్కపొమ్మను, మొఖానికి రంగు గూడ పుయ్యనక్కర లేదు" అనేది మల్లవ్వ. అన్ని చిలకలను ఎక్కడ పట్టుకొస్తారని ఒకామె, అవి నిజం చిలకలు కావు బట్టవి అని ఇంకొకామె. రేడియోలో పాట వస్తే రాట్నాలు ఆగేవి. పోస్టరు అంటించిన రోజు అందరం వెళ్ళి గోడ ముందు నిలబడ్డాం. "తలుపు ఏది? పోస్టరు మీద తలుపు వెయ్యలేదేంది?" అంది కనకమ్మ. "అదంత ముందే సూపిత్తరా పిచ్చిదానా" అని మల్లవ్వ కసిరింది.

కనకమ్మ ఆ నెలలో తలుపుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేసింది. రంగు నేనే కలిపిచ్చాను. వేస్తూ వేస్తూ అంది, "స్వరూప ఇప్పుడు పెద్దదైతది గదా అక్కా. చిలక పిల్లైతది సూడు, అప్పుడు మొఖం ఎట్లుంటదో సూడాలె. గా ఒక్కటి సూత్తె సాలు." నేను డబ్బాలో పుల్ల తిప్పుతూ ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఎవరూ లేరు, మేమిద్దరమే. రంగు చిక్కగా ఉందని, ఇంకొంచెం నూనె పోయాలని అన్నాను.

మొదటి వారమే వెళ్ళాం. ఆడవాళ్ళ బెంచీలు సగం మా వాడే. సినిమా బాగా తీశారు, ఆ మాట చెప్పాలి. చివరన తెర మీద పత్రికలో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. తల్లి పడవెక్కి పోయింది. శుభం పడింది. దీపాలు వెలిగాయి. కనకమ్మ కదలలేదు. "ఇంకో రీలు ఉన్నది, ఆగుండ్రి" అంది. ఊడ్చేవాడు వచ్చి లేవమనేదాకా కూర్చుంది.

దారిలో అందరూ సినిమావాళ్ళను తిట్టారు. "బంగారమసొంటి పుస్తకాన్ని పాడు జేసిండ్రు" అంది మల్లవ్వ. ఎవరికీ నా మీద అనుమానం రాలేదు. మా ఊళ్ళో టాకీసువాళ్ళు ఆట తొందరగా ముగించడానికి రీళ్ళు కోస్తారని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు. కనకమ్మ అదే నమ్మింది. హనుమకొండలో చూసి వచ్చింది. కాజీపేటకు వస్తే అక్కడా చూసింది. "ఆడ గూడ కోసిండ్రు అక్కా" అని వచ్చి చెప్పేది, నేనేదో ఓదారుస్తానని.

అప్పుడు సాంబయ్య వచ్చాడు. పండక్కో పబ్బానికో వచ్చి పోయేవాడు కానీ, ఈసారి ఆమెను తీసుకుపోవడానికే వచ్చాడు. పొద్దున నేను అరుగు మీద బియ్యం చెరుగుతున్నాను. కనకమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఇంటి ముందు సాంబయ్య సంచి పక్కన పెట్టుకుని ఉన్నాడు. నీళ్ళ కోసం బయలుదేరిన ఆడవాళ్ళు బిందెలతో నిలబడిపోయారు.

"అక్కా, ఒక్కటి అడుగుతా. ఆయన రమ్మంటాండు. ఇగ మల్ల రాను, ఇదే ఆఖరు అంటాండు. పిల్ల రాదు, సినిమాల గూడ సూసినవ్ గదా అంటాండు. నువ్వు సదివినవ్. పిల్ల తలుపు కాడికి వచ్చుడు పుస్తకంల ఉన్నదా, లేదా?"

"కథ కదనే కనకమ్మా" అన్నాను.

"కథే. నాకు తెల్వదా? అయినా అడుగుతాన. లేదంటే ఇప్పుడే ఆయనెంబడి పోత. ఉన్నదంటే ఉంట. నాకు నువ్వు చెప్తే సాలు."

నేను చేట కింద పెట్టాను. నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా, లేదు అనడానికే తెరిచాను. వెనక నుంచి మల్లవ్వ, "ఉండకేంది, ఈ చెవులతోటి ఇన్న గదా" అంది. బిందెలతో ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ పీట వేసి కూర్చోబెట్టిన మొహాలు. లేదంటే వాళ్ళు ఏమంటారు? రేపటి నుంచి నా మాట ఎవరు వింటారు? అప్పుడు నా తలలో ఉన్నది అదొక్కటే. కనకమ్మ ఏమవుతుందన్నది కూడా లేదు.

"ఉన్నది" అన్నాను.

"సాలు" అంది. లేచి కొంగు దులుపుకుని వెళ్ళింది. సాంబయ్యతో ఏం చెప్పిందో వినపడలేదు. అతను అరవలేదు. సంచి ఎత్తుకుని నా అరుగు ముందు ఆగి, "పోతాన వదినె. జర ఆమెను సూసుకో" అన్నాడు. ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

అతను మళ్ళీ రాలేదు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని భీవండి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. కనకమ్మ విన్నది. ఆ ఏడు కూడా తలుపుకు రంగు వేసింది. పక్కన పుల్లతో రంగు కలిపింది నేనే. నేను ఆమెను బాగానే చూసుకున్నాను. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను, కూర వండితే గిన్నెలో పెట్టిచ్చాను. అది ప్రేమా? చేసిన తప్పుకు వడ్డీయా? ప్రేమే అయితే ఆ ఒక్క మాట ఎందుకు వెనక్కి తీసుకోలేకపోయాను? ప్రతి ఏడూ, ఇప్పుడు చెబితే ఇన్నేళ్ళు వృథా అయ్యాయని ఆమెకు తెలుస్తుంది, వద్దులే అనుకున్నాను. అట్లా ఇంకో ఏడు వృథా చేశాను.

చివర్లో ఆమెకు చూపు ఆనలేదు. తలుపు మీద చేయి వేసి తడిమేది. "పచ్చగనే ఉన్నదా అక్కా?" అనేది. పచ్చగానే ఉంది. ఆ ఒక్కటి మాత్రం నిజమే చెప్పాను.

అసలు ముగింపు చెబుతానన్నాను. రాసుకో. తల్లి కోటకు చేరుతుంది. నీ బిడ్డ ఏదో గుర్తుపట్టి తీసుకుపో అంటుంది మంత్రగత్తె. వేల చిలకలు, అన్నీ ఒక్క తీరే. తల్లి గుర్తుపట్టలేకపోతుంది. అప్పుడు ఆమె ఒక్కొక్క పంజరం తలుపూ తీసుకుంటూ పోతుంది. అన్నీ ఎగిరిపోతాయి. వాటిలో తన పిల్ల కూడా ఉంటుంది, ఏదో తెలియదు. తల్లి ఇంటికి వచ్చి, పెనిమిటితో పడవెక్కి, పనున్న ఊరికి వెళ్ళిపోతుంది. అక్కడ వాకిట్లో రోజూ గింజలు చల్లుతుంది. ఏ చిలక వాలినా, తిన్నావా బిడ్డా అని అడుగుతుంది.

అంతే. ఇది కనకమ్మకు చదవాల్సిన భాగం. ఆ రాసినాయన ఎవరో గానీ, అచ్చంగా ఆమె కోసమే రాసినట్టు రాశాడు. నేను మధ్యలో కూర్చుని అందనివ్వలేదు.

నన్ను ఓదార్చకు చిన్నీ. నీళ్ళు కూడా వద్దు. చెప్పాను, గొంతు కొంచెం తెరుచుకున్నట్టుంది, ఇది చాలు నాకు. రాసింది ఇప్పుడు మొదటి నుంచి పైకి చదువు. నేను వింటాను. నా మీద జాలితో ఒక్క ముక్క కూడా కలపకు. ఉన్నది ఉన్నట్టే చదువు.