కెప్టెన్ తిరిగొచ్చిన ఆదివారం

ఆదివారాలు గురమ్మ తొమ్మిదిన్నర దాటితే అరసవల్లిలో ఉండదు. ఆ వేళకి గుడికొచ్చే జనంతో రోడ్డు నిండిపోయి ఆటోలు కదలవు. బుట్టలో నాలుగు చేపలు మిగిలినా సరే, పైన గోనె కప్పేసి శ్రీకూర్మం వెళ్లే ఆటో ఎక్కేస్తుంది. అక్కణ్ణించి సముద్రం ఒడ్డునున్న తన ఊరు చేరి, కాళ్లూ చేతులూ కడుక్కుని, పదకొండు గంటలకి టీవీ ముందు కూర్చోవాలి. ‘వెలుగు దూరం’ వచ్చే వేళ అది.

ఇరవై ఏళ్లుగా నడుస్తున్న సీరియల్. ఏ దేశంవాళ్లు తీశారో గురమ్మకి తెలీదు. తెలుగు మాటలు పెట్టి వేస్తారు. ‘ఉషస్సు’ అనే ఓడ నక్షత్రాల మధ్య తిరుగుతూ ఉంటుంది. అందులో అరవై మంది జనం. వాళ్ల కెప్టెన్ పేరు వోరన్. ఆయన భార్య లీనా ఆ ఓడకి దారి చూపే మనిషి. వారానికో లోకం, వారానికో గండం. చేపలమ్ముకునే మనిషి ఇలాంటిది చూస్తుందంటే ఊళ్లో మొదట్లో నవ్వారు. ఓడన్నాక నీళ్లమీదైనా ఆకాశంలోనైనా ఓడే కదా, అందులో ఉన్నవాళ్ల పాట్లు తనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసని ఆమె అనేది.

నిజానికి ఆ పిచ్చి ఆమెది కాదు, తమ్ముడు ఈశ్వర్‌ది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది గురమ్మే. పెద్దవాడయ్యాక, ఊళ్లో చాలామంది మగవాళ్లలాగే, గుజరాత్ వెళ్లి వేరావల్‌లో పెద్ద బోట్ల మీద పనికి కుదిరాడు. ఏడాదికి ఎనిమిది నెలలు అక్కడే. బోటు ఒకసారి లోపలికి వెళ్తే ఇరవై రోజులకి గాని ఒడ్డుకి రాదు. ఈలోగా మూడు వారాల కథ జరిగిపోయేది.

“అప్పా, నువ్వు సూసి గుర్తెట్టుకో. ఒడ్డుకొచ్చినాక ఫోన్లో సెప్పు” అని అక్కని అడిగాడు.

అలా మొదలైంది. మరిచిపోతానేమోనని వీధుల్లో చేపలు అమ్ముకుంటూ కథంతా లోపల్లోపల వల్లె వేసుకునేది. ఈశ్వర్ ఫోన్ చేస్తే ఏమయిందో చెప్తే సరిపోయేది కాదు. ఆ మాట విన్నప్పుడు కెప్టెన్ మొహం ఎలా ఉంది, లీనా ఎటు చూసింది అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. దాంతో ఆమెకి మొహాలు చూడడం అలవాటైంది. వాడికి పెళ్లయ్యాక భార్య అనూరాధ కూడా పక్కన చేరి, అక్కా తమ్ముళ్ల ముచ్చట్లు విని నవ్వుకునేది.

ఎనిమిదేళ్ల కిందట తుపానులో ఈశ్వర్ ఎక్కిన బోటు తిరగబడింది. ఏడుగురిలో ఐదుగురిని వేరే బోటువాళ్లు పైకి లాగారు. ఈశ్వరూ ఇంకొకతనూ దొరకలేదు. బతికొచ్చిన గంగులు గురమ్మ గుమ్మంలో నిలబడి, ఈశ్వర్ నీలం డ్రమ్ము పట్టుకుని తేలుతుండగా తన కళ్లతో చూశానన్నాడు. ఓదార్చడానికే అన్నాడో, నిజంగా చూశాడో. ఆ మాట పట్టుకునే గురమ్మ ఇన్నేళ్లూ గడిపింది. సరిహద్దు దాటి పాకిస్తాను జైల్లో పడిన మన జాలర్లని వదిలిపెడుతున్నారని తెలిసినప్పుడు పేపరు తెప్పించి, పేర్లన్నీ రెండుసార్లు చదివించుకుంది. ఈశ్వర్ పేరు లేదు.

ఆ ఏడాదే సీరియల్లో కెప్టెన్ వోరన్ కూడా పోయాడు. ఎవరినో కాపాడడానికి చిన్న పడవలాంటి దాంట్లో నల్లమేఘంలోకి వెళ్లి మరి కనపడలేదు. లీనా నలభై రోజులు రేడియోలో పిలిచి పిలిచి, చివరికి తన చేత్తోనే రేడియో ఆపేసింది. ఈశ్వర్ కోసం పదిమందిలో కంట తడిపెట్టని గురమ్మ ఆ రోజు టీవీ ముందు కూలబడి గట్టిగా ఏడ్చింది. సీరియల్ చూడడం మాత్రం మానలేదు. తమ్ముడొస్తే చెప్పాలి కదా. ఎన్ని వారాల కథ కూడిందో లెక్కలేదు గాని, ఎక్కడ అడిగినా చెప్పగలదు.

అనూరాధ ఐదేళ్లు గురమ్మ ఇంట్లోనే ఉంది. తర్వాత నరసన్నపేటలో బట్టలు కుట్టే షాపులో పని దొరికితే అక్కడే గది తీసుకుంది. షాపు ఎదురుగా రమేష్‌బాబు మోటార్లు బాగుచేస్తాడు. భార్య జబ్బుతో పోయింది. నెమ్మదస్తుడు. తనని చేసుకుంటావా అని అతను అనూరాధని అడిగాడు. ఆమె ఆ సంగతి తిన్నగా వచ్చి గురమ్మకే చెప్పింది. వద్దంటే మానేస్తానంది.

గురమ్మ మూడు రోజులు ఏదీ తేల్చలేదు. నాలుగో రోజు లేచి తనే శ్రీకాకుళం వెళ్లి నరసింగరావు అనే వకీలుని కలిసింది. ఏడేళ్లు పైబడి ఏ కబురూ లేకపోతే మనిషి లేనట్టే కోర్టు ఒప్పుకుంటుందని ఆయన చెప్పాడు. కొన్ని నెలలు తిరిగాక ఒకరోజు గురమ్మని బోనెక్కించి, మీ తమ్ముడు ఇక రాడని నమ్ముతున్నారా అని అడిగారు.

“నమ్ముతన్నాను” అంది గురమ్మ.

ఈశ్వర్ లేడన్న కోర్టు కాగితం చేతికొచ్చింది. శ్రీకూర్మంలో పిండం పెట్టారు. మారుమనువుకి గురువారం మంచిదన్నారు. ఆ గురువారానికి ముందు వచ్చిన ఆదివారమే ఇది.

కథలో కూడా ఎనిమిదేళ్లు గడిచాయి. లీనా జుట్టు నెరిసింది. ఇప్పుడు ఓడకి ఆమే కెప్టెన్. ఓడలోని డాక్టరుతో కలిసి ఉంటోంది. ఆ వేళ ఎప్పటిలాగే ఏదో పనిలో ఉండగా, ఎప్పుడో మూగబోయిన రేడియో గరగరమంది. నల్లమేఘంలోంచి ఆ చిన్న పడవ బయటికొచ్చింది. తలుపు తెరుచుకుంది. వోరన్ దిగాడు. అదే చొక్కా, కనుబొమ మీద అదే గాయం, ఇంకా తడి ఆరలేదు. ఆ మేఘంలో కాలం వేరేగా నడుస్తుందట. అతనికి గడిచింది నాలుగు గంటలే.

అతను లీనా జుట్టు చూశాడు. ఆమె పక్కన నిలబడ్డ డాక్టరుని చూశాడు. కోప్పడలేదు. దారి తప్పిన పిల్లాడిలా మొహం పెట్టి, “నాలుగు గంటలేగా లీనా. అంతసేపు ఆగలేకపోయారా?” అన్నాడు.

ఆ వారం కథ అక్కడితో ఆగిపోయింది.

వీధిలో ఈలలు వినపడ్డాయి. టీకొట్టు అప్పలసూరి నవ్వుకుంటూ గుమ్మం దాకా వచ్చి, కెప్టెన్ వచ్చేశాడు కదప్పా, ఇక నీకు పండగేనన్నాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ ఆనందం ఆమెకే ఉంటుందనుకున్నాడు పాపం. గురమ్మ తలెత్తలేదు. అతను కొట్టుకి వెళ్లిపోయాడు.

టీవీలో కింద ఒక నంబరు వేశారు. ప్రేక్షకులు తమ అభిప్రాయం చెప్పవచ్చన్నారు. గురమ్మకి చెప్పాల్సింది ఉంది. ఇన్నేళ్లు చూసిన మనిషిని, నా మాట వింటారనుకుంది. ఫోన్ కలిసింది. ఎవరో అమ్మాయి గొంతు, ముందే రికార్డు చేసి ఉంచినది, కెప్టెన్ తిరిగి రావడం నచ్చితే ఒకటి నొక్కండి, నచ్చకపోతే రెండు నొక్కండి అంది. గురమ్మ వేలు రెండు అంకెల మధ్యా ఆగిపోయింది. రావడం నచ్చలేదని ఎలా నొక్కుతుంది? నచ్చిందని ఎలా నొక్కుతుంది? అమ్మాయి అదే మాట మూడుసార్లు చెప్పింది. తర్వాత ఫోన్ దానంతటదే కట్టయిపోయింది.

గుమ్మం దగ్గర వల బాగుచేసుకుంటున్న మొగుడు కూర్మయ్య ఆమె వైపు చూసి, “కథే గదే. రాసినోడికి ఏది తోస్తే అది రాస్తాడు” అన్నాడు.

“నాను కోర్టులో సెప్పింది కథ కాదు గదా” అంది గురమ్మ.

కూర్మయ్య మళ్లీ వల మీదకి వంగాడు. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుంది గాని ముద్ద దిగలేదు. వోరన్ మీద పట్టరాని కోపం వచ్చింది. రావాలనుకున్నవాడు ముందే రావచ్చుగా. లేకపోతే రాకుండా ఉండిపోవచ్చుగా. అంతలోనే, ఆ కోపం తగిలేది తమ్ముడికేనని గుర్తొచ్చి కంచం పక్కకి నెట్టేసింది.

సోమవారం చేపలకి వెళ్లలేదు. నరసన్నపేట బస్సెక్కింది. ఒక్క ఏడాది ఆగుదామని చెప్పాలి. ఏడాది ఎక్కువ కాదు. అనూరాధ తన మాట కాదనదు. రమేష్‌బాబు కూడా ఒప్పుకుంటాడు. కాగితం ఎక్కడికీ పోదు. దారి పొడుగునా ఈ నాలుగు మాటలే కూర్చుకుంది.

షాపులో అనూరాధ ఒక్కతే ఉంది. మిషను మీద తన పెళ్లి జాకెట్టే కుడుతోంది. గురమ్మని చూసి లేచి స్టూలు వేసింది, మంచినీళ్లిచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు.

“నాను కూడా సూసినాను వదినా” అంది.

గురమ్మ ఆశ్చర్యపోయింది. ఈశ్వర్ పోయాక అనూరాధ ఆ సీరియల్ పేరెత్తగా ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఉన్న ఐదేళ్లూ ఆ వేళకి బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్లిపోయేది. పెరటి కిటికీ దగ్గర నిలబడి మాటలు వినేదట. గది తీసుకున్నాక ప్రతి ఆదివారం ఫోన్లో చూస్తోందట. వదినకి తెలిస్తే బాధపడుతుందని చెప్పలేదట.

“తలుపు తెరుసుకున్నప్పుడు లేసి నిలబడిపోయినాను. ఆ కెప్టెన్ అలగ అడిగినాక కూకోలేకపోయినాను.”

గురమ్మ, “రేపు మనోడూ అలగే వొచ్చి అడిగితే ఏటంటావే?” అంది.

 అనూరాధ జాకెట్టు చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

“నాకు తెలీదు వదినా. వొస్తే బాగున్ను. వొస్తాడని ఎనిమిదేళ్లు తలుపు గెడ ఎయ్యకుండా తొంగున్నాను. సిన్న సప్పుడైనా లేసి కూకునేదాన్ని. ఇప్పుడు నాకు నిద్ర కావాల. అంతే.”

కూర్చుకొచ్చిన నాలుగు మాటల్లో ఒక్కటీ గురమ్మ నోటికి రాలేదు. ఎదురుగా ఉన్న పిల్లకి ముప్పై రెండేళ్లే. కళ్ల కింద నలుపు ఎప్పటి నుంచి ఉందో తను ఇన్నాళ్లూ చూడనే లేదు. టీవీలో మొహాలన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి, ఇంట్లో ఉన్న మొహం చూడలేదు.  చెయ్యి చాచి జాకెట్టు అందుకుంది. సాయంత్రం బస్సు వేళదాకా కూర్చుని దానికి హుక్కులు కుట్టిపెట్టింది.

గురువారం నరసన్నపేటలోనే చిన్న గుళ్లో పెళ్లి జరిగింది. పాతికమంది కూడా లేరు. అనూరాధకి తల్లి లేదు. ఆ చోట గురమ్మే నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని రమేష్‌బాబు చేతిలో పెట్టింది. పెట్టేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. ఎవరూ రారని తెలుసు. తెలిసి కూడా చూసింది. అనూరాధ కూడా అటే చూస్తుండడం కనపడింది.  రమేష్‌బాబు కూడా చూశాడు గాని, తొందర పెట్టలేదు. ఆ చెయ్యి తన చేతిలోకి వచ్చేదాకా ఆగాడు.

భోజనాలయ్యాక కూర్మయ్య సామాన్లు సర్దడానికని ఉండిపోతే గురమ్మ ఒక్కతే బస్సెక్కింది. పక్కసీటులో కూర్చున్న ముసలావిడ ఆమె పట్టుచీరా చేతిలోని తాంబూలం సంచీ చూసి, ఎవరి పెళ్లికొచ్చావమ్మా అని అడిగింది.

“మా మరదలి పెళ్లమ్మా” అంది గురమ్మ.

“అయితే తమ్ముడి పెళ్లన్నమాట. పిల్లాడేటి సేస్తాడు?”

గురమ్మ కాదని చెప్పబోయింది. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. బస్సు హైవే ఎక్కింది.

“బోటు మీద పనమ్మా” అని, కిటికీ వైపు తిరిగింది.