వికారాబాద్ నుంచి మ్యాచ్ గురించి వచ్చిన

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు కదా. నేను అంతకు మించినవాడిని. మ్యాచ్‌కి పోతూ ఏకంగా పెళ్లినే చంకన పెట్టుకుపోయాను. దాని పుణ్యమా అని తాండూరులో ఒక కుటుంబం జీపు మాట్లాడుకుంది, వికారాబాద్‌లో ఒక అమాయకుడు తనకు తెలియకుండానే పెళ్లికొడుకయ్యాడు, నేను ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని మాట మధ్యలోనే మింగేశాను. ఈ ఘోరమంతా ఒక్క మాటతో జరిగింది. వినండి, నవ్వుకోండి. ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్తగా వినండి.

అప్పట్లో నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతుండేవాణ్ని. చదువుతున్నాడు అన్నది మా అమ్మ నమ్మకం. నిజానికి నేను కలలు కనేవాణ్ని, అదీ కళ్లు తెరుచుకుని. వానాకాలం పొద్దున్నే అనంతగిరి మీంచి మబ్బు దిగి మా వీధి చివరిదాకా వచ్చేది. అందులో నిలబడితే ముందు ఏమీ కనబడదు కాబట్టి ఏమైనా ఉందనుకోవచ్చు. నేను లక్షమంది జనం ఉన్నారనుకునేవాణ్ని. వాళ్ల ముందు మైకు పట్టుకుని తుపాకుల ఆట గురించి గంభీరంగా మాట్లాడేవాణ్ని. పాలప్యాకెట్ కోసం వెళ్లినవాణ్ని పాలు మరిచిపోయి, చప్పట్లు మాత్రం తెచ్చుకునేవాణ్ని.

తుపాకుల ఆట అంటే ఫోన్లో ఆడేది. తెలియనివాళ్ల కోసం చెబుతాను, తెలిసినవాళ్లు టీ తాగి రండి. ఇద్దరు ఒక జోడి, ఎదురుగా ఇంకో జోడి. ఒకడు దెబ్బతిని పడిపోతే రెండోవాడు పాక్కుంటూ వెళ్లి మందిచ్చి లేపాలి. ఇద్దరూ పడితే కథ కంచికే. మా దోస్తులు కొందరు చిన్న ఛానల్ ఒకటి నడుపుతూ ఆ ఆదివారం వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఫైనల్ పెట్టారు. వికారాబాద్ జోడి నవీన్, సిద్ధు. తాండూరు జోడి గిరిజ, రెహానా. మ్యాచ్‌కి ముందు రెండు జోడీలనూ కలిసి, ఎవరి బలం ఏమిటి, ఎవరు గెలవొచ్చు అని జనానికి ముందుమాట చెప్పే పని నాది. నా జీవితంలో మొదటి మైకు అది.

నవీన్ ముచ్చట తేలిగ్గానే అయిపోయింది, మా పక్క వీధే కాబట్టి. గిరిజ కోసం తాండూరు వెళ్లాలి. ఆ పిల్ల కూడా డిగ్రీయే, ఆఖరి సంవత్సరం. వాళ్లది కందుల వ్యాపారం. ఇంట్లో ఎవరికీ ఆమె ఆట సంగతి తెలియదు. తెలిస్తే ఫోన్ గుంజుకుంటారని భయం. పైగా ఆదివారం వికారాబాద్ ఎలా రావాలో, ఏ అబద్ధం చెప్పాలో ఆమెకే ఇంకా తోచలేదు. అందుకే నాకు మెసేజ్ పెట్టింది: "మా కందుల దుకాణం కాడ దిగి ఫోన్ చెయ్యన్నా. ఇంట్లకు మాత్రం రావద్దు, మ్యాచ్ ముచ్చట ఎవరితోని అనొద్దు."

నేను ఆ మెసేజ్ రైల్లో చదివాను. సగం చదివాను. 'కందుల దుకాణం కాడ దిగి' దగ్గరికి వచ్చేసరికి కిటికీ అవతల కందిచేలు పచ్చగా పూసి కనిపించాయి. ఎర్రమట్టి, పసుపు పూలు, మెల్లగా ఊగే ప్యాసింజరు. మిగతా సగాన్ని నేనే కలగన్నాను. నా కలలో ఆ కుటుంబమంతా గుమ్మంలో నిలబడి, మా పిల్ల ఆట గురించి నాలుగు మంచి మాటలు చెప్పు నాయనా అని నన్ను లోపలికి పిలుస్తోంది.

తాండూరులో దిగేసరికి గాల్లో నాపరాయి దుమ్ము తెల్లగా తేలుతోంది. దుకాణం కనుక్కున్నాను. పక్కనే ఇంటి గుమ్మం. అరుగు మీద గిరిజ నానమ్మ శరణవ్వ తమలపాకులకు సున్నం రాసుకుంటోంది. ఎవరు కావాలి అని అడిగింది.

"నేను వికారాబాద్ నుంచి మ్యాచ్ గురించి వచ్చిన అవ్వా" అన్నాను.

అదీ ఆ మాట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, నేను అన్న మాటకు ఆ ఊళ్లో వేరే అర్థం ఉంది. వికారాబాద్‌లో సంబంధాలు చూసే ఒకాయన, మంచి మ్యాచ్ ఉంది, ఈ వారంలో మా మనిషిని పంపిస్తాను అని వాళ్లకు ఫోన్ చేసి ఉన్నాడట. ఈ సంగతి నాకేం తెలుసు? అవ్వ లేచి నిలబడింది. కొడుకు నాగప్పను దుకాణంలోంచి పిలిచింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాన్ నా వైపు తిప్పారు. వేయించిన కందిపప్పు వాసన, చల్లటి బండల నేల, ముందు పళ్లెంలో కారప్పూస. నా కల నిజమైందని నాకు కళ్లు చెమర్చాయి కూడా.

నాగప్ప గొంతు సవరించుకుని, అబ్బాయి ఏం చేస్తాడని అడిగాడు. ఇద్దరిలో ఏ అబ్బాయి అని ఒక్క క్షణం ఆలోచించాను. ముఖ్యమైనవాడు నవీనే కదా అని అతని గురించే ఎత్తుకున్నాను.

"నవీన్ పనంత దూరం నుంచే కానిస్తడు. కూసున్న కాడ్నుంచి లేవడు."

ఇంటి దగ్గర్నుంచే ఉద్యోగం కాబోలు, ఇప్పుడందరూ అంతే అని నాగప్ప తల్లికి వివరించాడు. ర్యాంకు ఏమైనా ఉందా అన్నాడు. జిల్లాలో మొదటి ర్యాంకు అతనిదే అన్నాను. కారప్పూస పక్కకు లడ్డూలు వచ్చాయి.

"గుణం ఎట్లాంటిది?" అంది అవ్వ.

"మస్తు ఓపిక అవ్వా. ఉలకడు, పలకడు. ఎదుటోళ్లు ఎప్పుడు తప్పు జేస్తరా అని చూసుకుంట కూసుంటడు."

"గది అత్తల గుణం గదా" అంది అవ్వ, ఆకు నోట్లో పెట్టుకుంటూ.

నాకు ఊపు వచ్చింది. లక్షమంది కనబడుతున్నారు. జోడి ఆటలో ఒకరికొకరు ఎంత ముఖ్యమో ఈ పెద్దలకు తెలియాలి కదా అని సిద్ధు సంగతి కూడా చెప్పాను.

"నవీన్‌కు సిద్ధు అని దోస్తుండు. పడిపోయినప్పుడల్ల గాయిననే లేపుతడు."

"పడిపోతడా?" అన్నాడు నాగప్ప.

"పడకుంట ఎట్లుంటడు సార్, రోజూ పడుడే. సిద్ధు పక్కకు గుంజి ఇంత మందిస్తడు. మళ్ల మామూలైతడు."

మందు అంటే నా ఉద్దేశం గాయానికి వేసే మందు. అది సీసాలో కూడా దొరుకుతుందన్న సంగతి నాకు ఆ క్షణాన తట్టలేదు. లడ్డూల పళ్లెం మెల్లగా నా ముందు నుంచి జరిగింది. నాగప్ప తల్లి ముఖం చూశాడు. అవ్వ మాత్రం నన్నే తేరిపార చూస్తూ, ఎప్పుడు, ఎక్కడ అని అడిగింది. ఆదివారం, ఫంక్షన్ హాల్లో అన్నాను. అప్పుడే హాలు కూడా మాట్లాడేశారా అని నాగప్ప నోరు తెరిచాడు. పెద్ద తెర, కుర్చీలు, అందరికీ భోజనాలు కూడా అని నేను ఉత్సాహంగా చెప్పాను. మగపెళ్లివారే మనింటికి రావాలి గానీ మనం పోవడమేమిటని అతను గొణిగాడు. ఆ గొణుగుడు నా చెవిదాకా వచ్చి ఉంటే నేను బతికిపోయేవాణ్ని. నేనప్పుడు జరిగిపోయిన లడ్డూలను చూస్తున్నాను.

అవ్వ మాత్రం గట్టిగానే అంది: "వాళ్లొస్తే తానం జేసి, తల దువ్వుకోని వస్తరు. మనమే పోతే ఉన్నది ఉన్నట్టు కనపడతది."

అప్పుడే గిరిజ టీ కప్పులతో వచ్చింది. తెర వెనక నుంచి అంతా విన్నదని ఆమె చేతిలో కప్పులు గలగలమంటూ చెప్పాయి. నువ్వేమంటావే అని అవ్వ అడిగింది. గిరిజ తల వంచుకుంది.

"నీ ఇష్టం నానమ్మా. వికారాబాదే గదా, పోదాం."

ఎంత మంచి కుటుంబం, ఆడపిల్ల మ్యాచ్ చూడటానికి అందరూ కదిలి వస్తున్నారు అని నేను పొంగిపోయాను. గిరిజ నన్ను సాగనంపే నెపంతో వీధిలోకి వచ్చి, నవ్వు మొహంతోనే పళ్లు కొరికింది.

"లోపట ఏమైందో సమజైందా అన్నా?"

"మీవోళ్లు మ్యాచ్ చూడనీకి వస్తుండ్రు."

"పెళ్లి మ్యాచ్ అన్నా. నవీన్‌ను చూడనీకి వస్తుండ్రు."

నా కాళ్ల కింద నాపరాయి కదిలినట్టయింది. ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను. ఆమె అడ్డం నిలబడింది.

"నువ్వు ఒక్క మాట చెప్పినా నా ఫోన్ పోతది, ఆట పోతది. చెప్పకుంటే ఆదివారం నేను వికారాబాద్ల ఉంట. తర్వాతి సంగతి తర్వాత. నోరు మూస్కోని రైలెక్కు."

తిరుగు రైల్లో కందిచేలు నన్ను చూసి తల తిప్పుకున్నాయి. కునుకు పడితే నవీన్ బాసికం కట్టుకుని తుపాకీ గురిపెట్టి కనిపించాడు. ఆదివారం దాకా నాకు అదే కల. నవీన్‌కి చెప్పడానికి నోరు రాలేదు.

ఆదివారం రానే వచ్చింది. ముందుమాట చెప్పడానికి నేను మైకు పట్టుకున్నాను. "దూరం నుంచి కొట్టడంలో నవీన్‌కు..." అని మొదలుపెట్టానో లేదో, హాలు ముందు జీపు ఆగింది. అవ్వ చేతిలో పండ్ల బుట్ట, నాగప్ప కొత్త చొక్కా, వెనకాల పట్టుచీరలో గిరిజ. హాల్లో టోపీలు తిరగేసి పెట్టుకున్న కుర్రాళ్లందరూ పక్కకు జరిగి దారిచ్చారు. నా ముందుమాట అక్కడే ఆగిపోయింది. నవీన్ నిక్కరు వేసుకుని బజ్జీ తింటున్నాడు. ఉన్నది ఉన్నట్టు చూడాలన్న అవ్వ కోరిక అంత నిండుగా ఇంకెవరూ తీర్చలేరు.

గిరిజ ఎవరి వైపూ చూడకుండా వేదిక ఎక్కింది. రెహానా పక్కన కూర్చుని, తలలోని మల్లెపూలు నలగకుండా హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. దీపాలు ఆర్పేశారు. పెద్ద తెర నీలంగా వెలిగింది. ఆ వెలుగులో పట్టుచీర అంచు, మల్లెలు, కదలని ఆ రెండు కళ్లు. మా కొండ మీంచి దిగే మబ్బు హాల్లోకి వచ్చినట్టు అంతా నెమ్మదించింది. నిజం చెప్పనా, ఆ క్షణం నాకు భయం పోయింది. ఇంత అందమైనదాన్ని నేను కలలో కూడా చూడలేదని సంతోషం వేసింది.

అవ్వ నా చొక్కా పట్టి లాగింది. ఇదంతా ఏమిటని అడిగింది. ఇక దాచలేకపోయాను.

"ఆట అవ్వా. గీ ఆటనే మ్యాచ్. నేను గీ మ్యాచ్ గురించే వచ్చిన. పెళ్లి ముచ్చట నాకు తెల్వది."

నాగప్ప కూడా విన్నాడు. ఫోన్ గుంజుకుంటానని లేచాడు. గిరిజ భయపడ్డ రోజు వచ్చేసిందనుకున్నాను. అప్పుడే తెర మీద ఢామ్మని మోగింది, ఒక మనిషి కుప్పకూలాడు. కుర్రాళ్లంతా ఒక్కసారి లేచి అరిచారు.

"పడ్డదెవరు?" అంది అవ్వ.

"నవీన్."

"పడగొట్టిందెవరు?"

"మీ గిరిజ."

సిద్ధు పాక్కుంటూ వచ్చి నవీన్‌కు మందిచ్చాడు. అవ్వ, మందు అంటే ఇదా అన్నట్టు నా వైపు చూసింది. నవీన్ లేచాడు. గిరిజ మళ్లీ పడగొట్టింది. లేచాడు, పడ్డాడు. అవ్వ కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది, బుట్టలోంచి ఒక అరటిపండు తీసి వలుచుకుంటూ ఆట ముగిసేదాకా తెర మీంచి కన్ను తిప్పలేదు. తాండూరు గెలిచింది.

దీపాలు వెలిగాక నాగప్ప కూతురి ముందుకెళ్లి చెయ్యి చాపాడు. గిరిజ ఫోన్ అతని చేతిలో పెట్టింది. ఆ మొహం నేను చూడలేకపోయాను. అవ్వ వెనక నుంచి వచ్చి కొడుకు చేతిలోని ఫోన్ తీసి మళ్లీ మనవరాలికే ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పిలగాడు మంచోడే గని, మా పిల్ల చేతిల గన్నిసార్లు సచ్చినోడు రేపు సంసారమేం జేస్తడు? వద్దన్నమని చెప్పు." ఆపైన కొడుకుతో అంది: "ఇగ వచ్చేటి ప్రతి సంబంధాన్ని గిట్లనే చూద్దాం. దీన్ని ఓడగొట్టినోనికే ఇద్దాం. గందుకని ఫోన్ దాని కాడనే ఉండనీ."

ఆ తర్వాత సంబంధాలు చాలా వచ్చాయట. ఇంతవరకు ఎవరూ గెలవలేదు. గెలవకుండా గిరిజ చూసుకుంటోంది. నవీన్ మాత్రం పాపం, ఆ ఒక్క ఆదివారమే రెండు మ్యాచ్‌లు ఓడిపోయాడు. అందులో రెండోది అతనికి ఇప్పటికీ తెలియదు.

కాబట్టి పాఠక మహాశయులారా, అనంతగిరి పద్మనాభస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి గడపలోనూ ఆ మాట ఉచ్చరించను. క్రికెట్ చూస్తే ఆట చూస్తున్నానంటాను. దుకాణంలో అగ్గిపెట్టెను అగ్గిపెట్టె అనే అడుగుతాను. మా ఆవిడ చీర తెచ్చి దీనికి ఏ జాకెట్టు మ్యాచ్ అవుతుందో చెప్పమంటే, నోరు గట్టిగా మూసుకుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతాను.