గుంజకి చుట్టే అరమీటరు

ఇనప జాలీల దుకాణం ఆవిడకి నలభై మూడేళ్ళు. పందొమ్మిదో ఏట తప్పిన లెక్కల పరీక్ష వచ్చే వారం మళ్ళీ రాయబోతోంది. బేరాల్లేనప్పుడల్లా చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, పాత రసీదుల వెనక కంచె లెక్కలు చేస్తుంది. పద్ధతి తప్పదు, జవాబు మాత్రం ఎప్పుడూ పుస్తకం కంటే కాస్త తక్కువే వస్తుంది. "మళ్ళీ గుంజలకి చుట్టడానికని అరమీటరు తీసేశావా? పుస్తకంలో కంచెకి గుంజలుండవమ్మా!" అని కూతురు తల పట్టుకుంటుంది. "గుంజల్లేని కంచె ఎక్కడైనా నిలబడుతుందటే?" అంటుంది ఆవిడ.

ఇవాళ ఒకాయన కోళ్ళ దొడ్డికని ఇరవై నాలుగు మీటర్ల జాలీ అడిగాడు. ఒక పక్క గోడ ఉందట, మిగతా మూడు పక్కలా ఎనిమిదేసి మీటర్లు వేస్తాడట. ఆవిడ పెన్సిల్ తీసింది. గోడకి తగిలే పక్క ఎక్స్, ఎదుటి పక్క ఇరవై నాలుగులో రెండు ఎక్స్‌లు పోగా మిగిలింది. రెండూ గుణించి, అవకలనం చేసి, సున్నాకి సమానం చేసింది. "అటు ఆరు, ఇటు ఆరు, ముందు పన్నెండు వెయ్యండి. అదే జాలీకి ఎనిమిది చదరపు మీటర్ల చోటు ఎక్కువొస్తుంది." ఆయన నమ్మలేక వేళ్ళమీద లెక్కేసుకుని, "అవును, డెబ్భై రెండు!" అన్నాడు. "అమ్మా, ఈసారి అరమీటరు తియ్యలేదు!" అని కూతురు ఎగిరి గంతేసింది. ఆవిడ పెన్సిల్ చెవి వెనక దోపుకుని, జాలీ చుట్ట దొర్లించి, ఇరవై నాలుగున్నర దగ్గర కత్తిరించింది. కూతురు నోరు తెరిచేలోగా తనే అంది: "పరీక్షలో గుంజల మాటెత్తనులే. కోళ్ళ దొడ్డికి మాత్రం గుంజలుంటాయిగా!"